నవమి నాడు ఆపిన సర్వర్

ఆ ఫైలులో పదమూడు వరుసలే ఉన్నాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. పైన మా కాలేజీ పేరు, దాని కింద మా సివిల్ డిపార్ట్‌మెంట్ పేరు, ఆ కింద మా సర్వర్‌కు మాత్రమే చెందిన ఒక గుర్తు సంఖ్య. మిగిలినవన్నీ నాకు అర్థం కాని అక్షరాలూ అంకెలూ. వంతెన ఎంత బరువు మోస్తుందో, పది అంతస్తుల భవనం గాలికి ఎంత ఊగుతుందో కట్టకముందే లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ మొత్తం ఈ పదమూడు వరుసలతోనే తెరుచుకుంటుందని మేడం చెప్పారు. మేడం అంటే మా డిపార్ట్‌మెంట్ హెడ్, నాకంటే వయసులో చాలా చిన్న. ఆ మాట చెప్పి ఆమె క్లాసుకు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ తెర ముందు నుంచి లేవలేకపోయాను. ఒక కొండ తలుపుకు గోరంత తాళంచెవి ఇచ్చి పోయినట్టు అనిపించింది.

నేను వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జిని. మా వంశం చేసిన పని ఇది కాదు. మా తాత కాలంలో రైతుల ధాన్యం అమ్మిపెట్టే దుకాణాల్లో మాది పెద్దది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచీ, ఇంకా అవతలి ఊళ్ల నుంచీ వచ్చిన బండ్లు తెల్లవారేసరికి మా గిడ్డంగి ముందు బారులు తీరి ఉండేవట. నాన్న తరానికి అన్నదమ్ముల పంపకాలు వచ్చాయి, కోర్టు వాయిదాలు వచ్చాయి. దుకాణం పోయింది, తర్వాత ఇల్లు పోయింది. ఇప్పుడా ఇంట్లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ నడుస్తోంది. నేను ఆ వీధిలోకి వెళ్లను. అయినా ఆ ఇంటి పద్ధతులు నాతోనే ఉన్నాయి. ఇస్త్రీ లేని చొక్కా వేసుకోను, ఒకరి బండి వెనక ఎక్కను, నాది కాని వస్తువు ముట్టను.

ఈ చివరి పద్ధతి వల్లే పిల్లలకు నా మీద కోపం. ఈ పదమూడు వరుసల ఫైలు రాకముందు మా ల్యాబులో ఎనిమిది కంప్యూటర్లకే సరైన లైసెన్స్ ఉండేది. అరవై మంది వంతులు వేసుకుని కూర్చునేవారు. చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో క్రాక్ చేసిన కాపీని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేవారు. దాన్ని ల్యాబులో వేసుకుంటామని పిల్లలు అడిగితే నేను ఒప్పుకోలేదు.

"సార్, హైదరాబాద్ కాలేజీలల్ల గూడ గిదే నడుస్తాంది," అన్నాడొకడు.

"అక్కడ నడవనియ్. నా ల్యాబుల దొంగసొత్తు నడవది."

"సార్‌ది ల్యాబ్ కాదురా, గిడ్డంగి," అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను వినపడనట్టే రిజిస్టర్ రాసుకున్నాను.

ఆ నవ్వుల తర్వాతి ఏడాదే మేడం ఆ సాఫ్ట్‌వేర్‌కు డిపార్ట్‌మెంట్ మెంబర్‌షిప్ సాధించారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు కాలేజీల కోసం పెట్టిన పథకం అది. డిపార్ట్‌మెంట్ సభ్యత్వం తీసుకుంటే మా విద్యార్థులు ప్రతి ఒక్కరూ దాన్ని వాడుకోవచ్చు. ల్యాబులోనే కాదు, ఇంటి దగ్గర కూడా. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ ఉంటే చాలు. ఒకేసారి యాభై మంది దాకా పనిచేసుకోవచ్చు. ఒకరు మూసేస్తే ఆ జాగా ఇంకొకరికి వస్తుంది. షరతు ఒక్కటే: చదువుకు మాత్రమే వాడాలి, బయటి సంపాదనకు వాడకూడదు. ఆ షరతుల కాగితాలు తొమ్మిది పేజీలు. మేడం చివరి పేజీలో సంతకం పెట్టారు. నేను తొమ్మిదీ చదివాను. ఎక్కడా బెదిరింపు లేదు. మీరు ఇలా వాడుకుంటారని నమ్ముతున్నాం అన్న ధోరణి. పెద్ద పెద్ద కంపెనీల ఇంజనీర్లు వాడే వస్తువును వాళ్లు మా పిల్లల చేతుల్లో ఇలా పెట్టేశారా అని నమ్మలేకపోయాను. మా గిడ్డంగిలో గింజ బయటికి పోవాలంటే ఇద్దరు చూడాలి, ఒకరు కొలవాలి. ఇక్కడ కొలిచిన కొద్దీ తరగనిది ఇస్తున్నారు.

అయితే ఇంటి కాపీల సంగతి నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ధాన్యం ఇచ్చే ఇంట్లో పుట్టినవాడికి అలాగే అర్థమవుతుంది. ఒకసారి కొలిచి ఇచ్చాక అది తీసుకున్నవాళ్ల ఇంట్లో ఉంటుంది, మన తలుపుతో దానికి ఇక పని లేదు. మేడం ఆ ఏర్పాటు గురించి వివరించబోయారు కూడా. చిన్నవాళ్ల దగ్గర పాఠం చెప్పించుకోవడం ఇష్టంలేక, "తెలుసు మేడం" అన్నాను. ఆమె సరేనని ఊరుకున్నారు.

ఆ ఏడాది దసరా సెలవులు వచ్చాయి. మా ఇంటి పద్ధతి ప్రకారం నవమి నాడు పనిముట్టును పూజలో పెడితే, దశమి సాయంత్రం జమ్మి తెచ్చుకునేదాకా దానితో పని చేయించరు. తాత కాలంలో కాటాలు, మానికలు, కలాలు అన్నీ ఒకటిన్నర రోజు విశ్రాంతిగా ఉండేవి. ఆ రెండు రోజులూ మా దుకాణం ముందు బండి ఆగేది కాదు. ఇప్పుడు నా పనిముట్టు సర్వర్. నవమి పొద్దున స్నానం చేసి కాలేజీకి వెళ్లాను. సర్వర్‌ను పద్ధతిగా ఆపి, పొడిబట్టతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు ఉంచి, కొబ్బరికాయ బయట కొట్టి, గదికి తాళం వేసుకుని ఇంటికి వచ్చాను. కాలేజీలో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. మేడం వాళ్ల ఊరు వెళ్లారు. పని శుభ్రంగా చేశానని మనసుకు నిండుగా అనిపించింది.

దశమి నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. ఫైనల్ ఇయర్ అమ్మాయి. రఘునాథపల్లి దాటాక లోపలికి ఉండే ఊరు వాళ్లది. వాళ్ల ఊరికీ పొలాలకూ మధ్య వాగు ఉంది. వానాకాలంలో అది దాటలేక మనుషులు చుట్టు తిరిగి పోవాలి. ఆ వాగు మీద చిన్న వంతెన డిజైన్ చేస్తోందామె. ఇంజనీరింగ్ విద్యార్థులకు పెట్టిన ఒక పోటీకి పంపాలని. పదిమందిని ఎంచుకుని ఒక వంతెనల డిజైన్ ఆఫీసులో వేసవంతా పని నేర్పిస్తారు. నెలల తరబడి ల్యాబులో ఒక మూల కూర్చుని ఆ పనే చేసింది. అందుకే గుర్తుపట్టాను.

"సార్, నమస్తే సార్. పండుగ పూట ఫోన్ చేసిన, ఏమనుకోకుండ్రి."

"చెప్పు."

"సాఫ్ట్‌వేర్ ఓపెన్ అయితలేదు సార్. నిన్నటి సంది."

"నీ ఇంట్ల ఉన్నదానికి నేనేం జెయ్యాలె? మల్ల ఇన్‌స్టాల్ చేస్కో."

"రెండుసార్లు చేసిన సార్. సర్వర్ దొరుకుతలేదు అనే వస్తాంది."

"ఏ సర్వర్?"

"మన ల్యాబ్ సర్వరే సార్."

"ఇంటికాడ నడిచేదానికి మన సర్వర్‌తోటి ఏం పని?"

ల్యాబ్ ఇన్‌ఛార్జికి ఈ సంగతి ఎలా చెప్పాలో ఆమెకు తోచినట్టు లేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

"తెరిచినప్పుడల్ల దాన్నే అడుగుతది సార్, జాగ ఉన్నదా అని. ఉన్నదంటేనే తెరుచుకుంటది. ఇంట్లనైనా గంతే సార్."

నా చెవులు వేడెక్కాయి. వెనక్కి తగ్గలేక, "సర్వర్ పూజల ఉన్నది. రేప్పొద్దున తీస్త," అన్నాను.

"ఇయ్యాల ఐదింటికే లాస్ట్ సార్. ఆఖరి లెక్క ఒక్కటే మిగిలింది. అది రాకుంటె డ్రాయింగులు తీసుకోరట." మళ్లీ తనే అంది, "పర్వాలేదు సార్. పండుగ గద. ఇంకోసారి ఎప్పుడన్న..."

అది ఫైనల్ ఇయర్. ఇంకోసారి లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంతలో ఫోన్ చేతులు మారింది. మగగొంతు.

"సారూ, దండం. నేను పిల్ల బాపును. గా సర్వర్‌కు బొట్టు పెట్టిండ్రట గద?"

"పెట్టిన."

"మేము గూడ ట్రాక్టర్‌కు పెట్టినం సారూ. నిమ్మకాయలు తొక్కిచ్చి, సీద పొలం కాడికి తీస్కపోయినం. దేవునికి ఇంజన్ సప్పుడు ఇనపడితెనే ఖుషీ అనుకున్నం. మీ తాన బంద్ పెడతరా?"

వెటకారమో అమాయకత్వమో తెలియలేదు. "చూస్త," అని ఫోన్ పెట్టేశాను.

విస్తరి ముందు కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు. మా ఆవిడ అంతా వింటూనే ఉంది. నెయ్యి వేస్తూ అడిగింది.

"ఏందట?"

"పూజల పెట్టినదాన్ని తీయాల్నట."

"పొద్దుగాల నేను ఫ్రిజ్‌కు బొట్టు పెట్టిన. బంద్ పెడుదునా? పాలు ఇరిగిపోతయ్."

"ఫ్రిజ్ వేరు."

"ఏం వేరు? నీకు పూజ పాడైతదని ఫికరా, తెల్వలేదని ఒప్పుకోవాలెనని ఫికరా? జర అది చెప్పు ముందు."

ఆమె ఎప్పుడూ ఇంతే, సూటిగా అంటుంది. నేను విస్తరి ముందు నుంచి లేచాను. అరగంట హాల్లో అటూ ఇటూ తిరిగాను. మా ఇంట్లో మూడు తరాలు ఏ పనిముట్టునూ జమ్మికి ముందు కదిలించలేదు. దుకాణం పోతున్న ఏడాది కూడా నాన్న ఆ నియమం తప్పలేదు. ఆస్తి నిలబెట్టుకోలేకపోయినా పద్ధతి నిలబెట్టుకున్నామని నేను చెప్పుకునేవాణ్ణి. కానీ ఎంత తిరిగినా ఆ అమ్మాయి 'పర్వాలేదు సార్' అన్న గొంతే వినిపించింది. రెండు దాటాక తాళంచెవి జేబులో వేసుకున్నాను.

నా స్కూటర్ మెడలో పూలదండతో గుమ్మం ముందు ఉంది. దాన్నీ కదిలించాల్సి వచ్చేదే, కానీ వీధి చివర ఆటో దొరికింది. ఆటోకు అరటిపిలకలు కట్టి ఉన్నాయి. రోడ్డంతా కొత్త బట్టలు, కడిగిన బండ్లు, డీజే పాటలు. మేముండే హన్మకొండ నుంచి కాలేజీ దాకా ప్రతి బొట్టు పెట్టిన బండీ పరుగెడుతూనే ఉంది. అంతకుముందు దసరాలకు ఆ సంగతి నేనెందుకు చూడలేదో తెలియదు.

గేటు దగ్గర వాచ్‌మన్ కొత్త ధోతి కట్టుకుని కూర్చున్నాడు. నాకంటే పెద్దవాడు.

"సారూ, నిన్న మీరే తాళమేసిపోయిండ్రు. ఇయ్యాల మీరే తీస్తాండ్రా?"

"తీయాలె. పనివడ్డది."

"నేనైతే మీ పూజ చూసి ఆ దిక్కు ఈగను గూడ పోనియ్యలే. మంచిది, తియ్యుండ్రి. నేను అటు మొఖం జేస్త, నాకేం కనవడలే." అని నిజంగానే గేటువైపు తిరిగి కూర్చున్నాడు.

తలుపు తీస్తే బంతిపూల వాసన. దండం పెట్టుకుని, పూలు పక్కకు తీసి, మీట నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. చిన్న పచ్చదీపం వెలిగి ఆరి మళ్లీ వెలిగింది. అది పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా ఏదో ఒకటి చేద్దామని పక్క కంప్యూటర్లో ల్యాబ్ మెయిల్ తెరిచాను. ఇంటి దగ్గర నేను ఆ మెయిల్ చూడను. సెలవులో ఆఫీసు ఉత్తరాలు ముట్టకూడదన్నది కూడా నేను పెట్టుకున్న నియమమే.

పదిహేడు మెయిళ్లు ఉన్నాయి. నవమి మధ్యాహ్నం నుంచి వచ్చినవి. అన్నీ మా పిల్లలవే. 'సార్, సర్వర్ అందట్లేదు, తీరిక దొరికినప్పుడు చూడగలరు.' 'దసరా శుభాకాంక్షలు సార్. లైసెన్స్ రావట్లేదు. అర్జెంట్ కాదు.' 'నాకొక్కడికేనా సార్?' నా ల్యాబును గిడ్డంగి అని నవ్విన వాళ్లే, ఉత్తరంలో ఎంత మర్యాదగా అడిగారు. ఒక్కరూ విసుక్కోలేదు. ఆ అమ్మాయివి మూడు ఉన్నాయి, మిగతావి ఒక్కొక్కరివి ఒక్కొక్కటి. ఫోన్ చేసే ధైర్యం రావడానికి ఆమెకు మూడు మెయిళ్లు పట్టిందన్నమాట.

మా ఇంటి గుమ్మం దాకా వచ్చిన మనిషిని తిప్పి పంపడం కంటే పెద్ద తప్పు మా తాత దృష్టిలో లేదు. నేను పదిహేను మందిని తిప్పి పంపాను, పూజ చేశానన్న తృప్తితో.

సర్వర్ లేచింది. ఆ పదమూడు వరుసల ఫైలును అది చదువుకుంది. ఎవరెవరు వాడుతున్నారో చూపించే కిటికీని తెర మీద తెరిచాను. ఖాళీగా ఉంది. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఇప్పుడు చూడు."

"ఆగుండ్రి సార్... ఆగుండ్రి... వచ్చింది సార్! బాపూ, వచ్చిందే!"

కిటికీలో ఒక వరుస పడింది. ఆమె రోల్ నంబర్, పక్కన సమయం, మూడు గంటల ఇరవై నిమిషాలు. అంతకుముందు ల్యాబులో అలాంటి వరుసలు వేలసార్లు చూశాను. అవన్నీ నా కళ్లముందు కూర్చున్న పిల్లలవి. ఈ వరుస ఒక వాగు పక్క ఇంట్లో నుంచి వచ్చింది. ఆ ఇంటిని నేను చూడలేదు, చూడబోను. కానీ ఆమె అక్కడ ఒక బీమ్ గీస్తే, గీసే అనుమతి నా చేతి పక్కనున్న ఈ కుంకుమబొట్టు పెట్టె నుంచి పోతోంది.

పదిహేను మందికీ జవాబు రాశాను: సర్వర్ నడుస్తోంది, వాడుకోండి. పండుగ మధ్యాహ్నం ఎవరు చూస్తారులే అనుకున్నాను. రెండో వరుస పడింది. మూడోది. స్టేషన్ ఘన్‌పూర్ పిల్లవాడు తన లాప్‌టాప్‌కు ఊరి పేరే పెట్టుకున్నాడు, అది అలాగే కనిపించింది. ఒకడి రోల్ నంబర్ చూసి నవ్వొచ్చింది, ల్యాబులో ఎప్పుడూ నిద్రపోయేవాడు. నాలుగు కొట్టేసరికి తొమ్మిది మంది. బయట డీజేలు మోగుతున్నాయి, ఊరంతా రావణ దహనానికి తయారవుతోంది. ఆ హోరులో తొమ్మిది ఇళ్లలో తొమ్మిది మంది వంతెనలూ ట్యాంకులూ లెక్కకట్టుకుంటున్నారు. ఒక్కరికి ఇచ్చినందుకు ఇంకొకరికి తగ్గలేదు. ఆ గదిలో నేను చప్పుడు చేయకుండా కూర్చున్నాను, గర్భగుడిలో కూర్చున్నట్టు.

నాలుగున్నరకు ఆమె వరుస మాయమైంది.

పని అయిపోయిందా? లేక ఏదైనా తెగిపోయిందా? ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. ఆమె ఉరుకులాటలో ఉంటే నా ఫోన్ అడ్డం అవుతుంది. ఐదు నిమిషాలు. ఎనిమిది. సర్వర్ బాగానే ఉంది, మిగతా వరుసలు కదలలేదు. నేను చేయగలిగింది ఏమీ లేదు. పదకొండో నిమిషంలో ఆమె వరుస మళ్లీ కింద ప్రత్యక్షమైంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానని తర్వాత గానీ తెలియలేదు. ఐదుకు ఆరు నిమిషాల ముందు అది మళ్లీ పోయింది. ఈసారి ఐదు దాటేదాకా ఆగి ఫోన్ చేశాను.

"పంపినవా?"

"పంపిన సార్! అందిందని మెయిల్ గూడ వచ్చింది. నడుమల సిగ్నల్ పోతె లాప్‌టాప్ పట్టుకొని మిద్దె ఎక్కిన సార్. బాపు ఎండకు గొడుగు పట్టిండు."

ఒక్క మాట చెప్పి పెట్టేయవచ్చు. పండుగ శుభాకాంక్షలు అని. కానీ చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

"చూడమ్మా. సర్వర్ ఖరాబ్ కాలే. నేనే ఆపిన. ఇండ్లల్ల నడిచేది దాని మీదనే అని నాకు తెల్వది. తప్పు నాది."

"అయ్యో, గట్లనకుండ్రి సార్."

వాళ్ల నాన్న పక్కనుంచి అందుకున్నాడు. "సారూ, గా పెట్టెకు కొబ్బరికాయ కొట్టుండ్రి, గని ఇంజన్ నడవనియ్యుండ్రి. ఎల్లుండి పిల్లతోటి మీకు సకినాలు పంపుత."

నవ్వాను. ఆ గదిలో నేను గట్టిగా నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. గేటు దగ్గరి నుంచి వాచ్‌మన్ తల తిప్పి చూశాడు.

తెర మీద ఇంకా ఆరు వరుసలు ఉన్నాయి. వాటి పని అయ్యేదాకా ఉందామని కూర్చోబోయి, నేను అక్కడ ఉండాల్సిన అవసరమే లేదని గ్రహించాను. నేను చూసినా చూడకపోయినా అది ఇస్తూనే ఉంటుంది. గిడ్డంగి కాపలా కాసిన ఇంటివాడికి ఆ సంగతి నమ్మడం కష్టం. గదిలో లైటు ఆర్పి, సర్వర్‌ను నడవనిచ్చి, తాళం వేసి వచ్చాను.

కాలేజీ తెరిచిన రోజు నోటీసు బోర్డులో నా చేత్తో రాసి పెట్టాను: నవమి, దశమి రోజుల్లో సర్వర్ ఆగడానికి కారణం నేను, ఇకమీదట సెలవుల్లో కూడా అది నడుస్తుంది. కింద సంతకం. మేడం చదివి, "మీ పేరు ఎందుకండీ, సాంకేతిక కారణం అని రాస్తే సరిపోయేది కదా" అన్నారు. "కారణం నేనే కదా మేడం" అన్నాను. వెనక బెంచీ వాళ్లు గుంపుగా వచ్చి చదివారు. ఎవరూ నవ్వలేదు.

చలికాలంలో ఫలితాలు వచ్చాయి. పది పేర్లలో ఆమెది తొమ్మిదోది. చెప్పడానికి ల్యాబుకు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"సార్, ఆ ఆఫీసుల నా లాప్‌టాప్‌ల ఉన్నదే వాడొచ్చునా?"

"వాడొద్దు. అది చదువుకు ఇచ్చింది. అక్కడ వాళ్లది వాళ్లకుంటది, దాని మీద చెయ్యి."

"సరే సార్."

ఆ వేసవంతా ఆమె వరుస మా తెర మీద కనిపించలేదు. ఆ జాగాలో రోజూ ఇంకెవరో కూర్చుంటున్నారు. ఒక్కోసారి మధ్యాహ్నం పూట ల్యాబు ఖాళీగా ఉన్నప్పుడు ఆ కిటికీ తెరిచి, ఏ ఊళ్ల నుంచి ఎవరెవరు వచ్చారో చూస్తూ ఉండిపోతాను.